అనంతపురం నుంచి గండికోట దాకా సైకిళ్ల మీద, దారిలో చిన్న రైతుల పొలాలు చూస్తూ: వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

తొక్కుడుబిళ్ళ:
మేం పన్నెండు మందిమి. అనంతపురంలో బయల్దేరి తాడిపత్రి, బెలుం గుహలు, జమ్మలమడుగు మీదుగా గండికోట చేరాలని ప్లాన్. కిలోమీటర్లు లెక్కపెట్టుకునే రైడ్ కాదు. ఐదెకరాల లోపు రైతుల దగ్గర ఆగి, ఏం పండిస్తున్నారో చూసి, వీలైతే రాత్రి పొలంలోనే పడుకోవాలని ఆశ. జులై అని కొందరు, సంక్రాంతి అటూ ఇటూ అని కొందరు. టైర్లు, నీళ్లు, పడక, రైతులను ఎలా కలవాలి, తెలిసినవన్నీ చెప్పండి.

ఎదురుగాలి:
జులై అయితే ముందు గాలి సంగతి చూసుకోండి. జూన్ నుంచి ఆగస్టు దాకా మనకు పడమటి గాలి. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. మీరు తూర్పు వైపు పోతున్నారు కాబట్టి వెళ్లేటప్పుడు గాలే తోసుకుపోతుంది, తిరిగి సైకిల్ మీదే వద్దామనుకుంటే మాత్రం ఏడుపే. ఆ కాలంలో వెనక్కి వస్తూ దిగుడులో కూడా పెడల్ తొక్కాల్సి వచ్చింది మాకు.

ఇంకో చిక్కుంది. వాన పడితే రైతు విత్తనం పనిలో ఉంటాడు. ఎర్రనేలలో పదును రెండు మూడు రోజులకు మించి నిలవదు. ఏడాది మొత్తానికి సుమారు 550 మి.మీ. వాన పడే జిల్లాలో, ఆ రెండు రోజులు మనతో కబుర్లు చెప్పమనడం న్యాయం కాదు.

నా ఓటు డిసెంబర్, జనవరికే. వేరుశెనగ పీకేసి ఉంటారు, తాడిపత్రి వైపు నల్లరేగళ్లలో పప్పుశెనగ పచ్చగా ఉంటుంది. పొద్దున చలి కూడా బాగుంటుంది.

ఉగ్గాని_బజ్జీ:
పంక్చర్లకు సిద్ధపడి రండి. దారుల పక్కన సర్కారు తుమ్మ, పొలం గట్ల మీద పల్లేరుకాయలు. పల్లేరు ముల్లు ఏ పక్క పడినా ఒక మొన పైకే ఉంటుంది. గట్టు మీద తొక్కకుండా సైకిల్ భుజానికెత్తుకుని నడిస్తే సగం గొడవ వదులుతుంది. ట్యూబు మార్చేటప్పుడు టైరు లోపల చిన్న దూది ఉండతో చుట్టూ తుడవండి. ముల్లు కంటికి కనపడకపోయినా దూది పీచు పట్టేస్తుంది. ఆ ముల్లు తీయకుండా కొత్త ట్యూబు ఎక్కిస్తే పది నిమిషాల్లో మళ్లీ గాలి పోతుంది.

సన్న వాల్వు ట్యూబులైతే ఊళ్లో పంపు పట్టదు. అడాప్టర్ ఒకటి జేబులో పెట్టుకోండి. తిండికి ఢోకా లేదు, పొద్దున ఏ ఊళ్లో ఆగినా ఉగ్గాని దొరుకుతుంది. (పేరు చూసి అడగొద్దు, అవును, నేను రైడ్లకు వచ్చేదే దానికోసం.)

నల్లరేగడి:
తాడిపత్రి దగ్గర నేల రంగు మారిపోతుంది. వాన పడిన రోజు నల్లనేలలోకి సైకిల్ దింపకండి. పది గజాలు పోయేసరికి టైరుకీ ఫోర్కుకీ మధ్య బంక గడ్డకట్టి చక్రం ఆగిపోతుంది. మడ్‌గార్డు ఉంటే మరీ ఘోరం. కందికట్టెతో గీకుతూ కూర్చోవాల్సిందే.

తాడిపత్రి, కొలిమిగుండ్ల మధ్య నాపరాళ్ల లారీలు ఎక్కువ. దుమ్ము కళ్లలో పడుతుంది, అద్దాలు మరిచిపోవద్దు. పొద్దు వాలాక ఆ రోడ్డు మీద ఉండొద్దు. బెలుం గుహ పొడవు 3,229 మీటర్లు, అదీ ఈ నాపరాయి జాతి సున్నపురాయిలోదే. లోపల ఉక్కపోతకు చెమటలు పడతాయి. రైడ్ చేసొచ్చి వెంటనే దూరకండి.

చీనీతోట:
నేను రైతును. నాలుగెకరాలు. రెండెకరాలు చీనీ (బత్తాయి), మిగతాది శెనక్కాయ, కంది. పోయినేడు ఒక సైకిళ్ల జట్టు మా తోటకు వచ్చింది. మంచి పిల్లలే. అయినా కొన్ని చెప్పాలి.

వాళ్లు పదకొండు గంటలకు దిగారు. అప్పుడే కరెంటు ఉంది. కరెంటు ఉన్నంతసేపూ నేను ఒక వాల్వు కట్టేసి ఇంకో వాల్వు తిప్పుకుంటూ తిరగాల. ఇరవై మంది చుట్టూ నిలబడి ప్రశ్నలు అడుగుతుంటే ఒక సాలుకు నీళ్లు అందలేదు. సైకిళ్లు తీసుకుపోయి డ్రిప్ పైపుల మీద పడేశారు, రెండు చోట్ల పైపు చీలింది. ఒకాయన ఫొటో కోసం పచ్చికాయ తెంపాడు. అది ఇంకా నెలన్నర చెట్టు మీద ఉండాల్సిన కాయ.

వచ్చీ రాగానే "ఎకరాకు ఎంత మిగులుతుంది" అని అడుగుతారు. ఆ లెక్క నాకే తెలీదు అన్నా. కాయ టన్నుల్లెక్కన పోతుంది, తూకం దగ్గర టన్నుకు ఇంతని సూటు కోసేస్తారు, అంటే తరుగన్నమాట. బోరు ఎండిన ఏడు ట్యాంకర్లతో నీళ్లు తోలి చెట్లను బతికించుకున్నాం, ఆ ఖర్చు ఏ పంట మీద రాయాలి? అదే ఒక పిల్లోడు చెట్టు కింద కూర్చుని "ఈ చెట్టు వయసెంత మామా" అని అడిగాడు. వాడితో గంటసేపు మాట్లాడాను.

అన్నం సంగతి. ముందురోజు రాత్రి ఫోన్ చేసి ఇరవై మందిమి వస్తున్నామన్నారు. మా ఇంటామె తెల్లారి నాలుగింటికి లేచి సంకటి, ఊరుబిండి, పప్పు చేసింది. డబ్బులిస్తే ఆమె తీసుకోలేదు. తీసుకోదు కూడా. మీరు ఇబ్బంది పడకుండా సరుకు కొనుక్కోండి. శెనక్కాయలు, కందిపప్పు ఇంట్లో ఉంటాయి, బజారు ధరకే ఇస్తాం. అది మాకు గౌరవంగా ఉంటుంది. ఒక తోటకు ఆరుగురికి మించి రావద్దు.

రెండుచక్రాలక్క:
పై మాటలు అందరూ రెండుసార్లు చదవండి.

ఆడవాళ్లు ఉంటే రాత్రి బస పొలంలో పెట్టుకోకండి, ఊళ్లోనే చూసుకోండి. రైతు ఇంట్లో ఆడవాళ్లతో ముందే మాట్లాడితే బాత్రూం టెన్షన్ ఉండదు. గండికోటలో టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది, చివరి రాత్రి బస అక్కడ పెట్టుకోండి.

రైతులను వెతకడానికి రైతు సేవా కేంద్రంలో అడగండి. మొన్నటిదాకా దాన్నే రైతు భరోసా కేంద్రం అనేవాళ్లం. మేం చెన్నేకొత్తపల్లి వైపు వెళ్లినప్పుడు కొర్ర, సామ వేసే రైతులను చూశాం. అక్కడ టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ చాలా ఏళ్లుగా పని చేస్తోంది. మీకు గండికోట తప్పనిసరి కాకపోతే ఆ దారి కూడా ఆలోచించండి.

ఒక ఇంట్లో ద్రవ జీవామృతం (మందుల్లేని సేద్యంలో నేలకు పోసే ద్రావణం) కలుపుతుంటే దగ్గర నిలబడి చూశాను. నీడలో 200 లీటర్ల డ్రమ్ము. పది కిలోల ఆవుపేడ, మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల శెనగపిండి, గట్టు మీది మట్టి గుప్పెడు. ఆమె కర్రతో ఒకే వైపు తిప్పుతూ "ఎదురు తిప్పితే మా అత్త తిడుతుంది" అని నవ్వింది. బుడగలు లేచాక పులిసిన వాసన. సెల్ఫీలు తీసుకోవడానికి వచ్చినవాళ్లు మూడు అడుగులు వెనక్కి వేశారు.

తొక్కుడుబిళ్ళ:
అందరికీ థ్యాంక్స్. జనవరికి మార్చాం, ఆరుగురు చొప్పున రెండు జట్లుగా విడిపోతాం. పొలంలో టెంటు వేసుకోవాలన్న కోరిక మాత్రం పోలేదు. మగవాళ్లం మాత్రమే ఉంటే పర్లేదా?

నల్లరేగడి:
రైతు చూపించిన చోట, కళ్లం దగ్గరో కొట్టం ముందో వేసుకోండి. చీకట్లో లేచి పక్క చేలోకి పోవద్దు. అడవిపందుల కోసం కొందరు తీగకు కరెంటు పెడతారు. అది తప్పే, ప్రాణాలు కూడా పోయాయి, కానీ పెడుతున్నారు. రక్తపింజర్లు కూడా ఉంటాయి, టార్చ్ లేకుండా అడుగు వేయొద్దు.

ఎదురుగాలి:
వెనక్కి రావడానికి ముద్దనూరులో రైలు ఎక్కొచ్చు అని ఎవరో ఒకరు చెబుతారు. రైలు ఆగే ఆ కాస్త సేపట్లో పన్నెండు సైకిళ్లు ఎక్కవు. బొలెరో ట్రక్కు మాట్లాడుకుని, సైకిళ్ల మధ్య పాత గోనెపట్టాలు వేసి కట్టండి.

చీనీతోట:
జనవరిలో కంది కోతలు. సాయంత్రం నాలుగు తర్వాత రండి, తీరిగ్గా ఉంటాం. తోట గేటు తీసినవాళ్లే మళ్లీ వేయండి. పక్కనే గొర్రెల మంద మేస్తుంటుంది, లోపల పడితే లేతకొమ్మ ఒక్కటి మిగలదు.