డిక్రీ సోంపేటలో, బాకీదారు బరంపురంలో: అమలు పిటిషన్ (ఈపీ) ఎక్కడ వేయాలి?

పలాస నుంచి:
మా చిన్నాన్నకు జీడిపిక్కల బాపతు 4 లక్షలు రావాలి. ప్రోనోటు మీద దావా వేసి 2017లో సోంపేట కోర్టులో డిక్రీ తెచ్చుకున్నాడు. ఈలోగా బాకీదారు కాపురం బరంపురం మార్చేశాడు. అక్కడ కంపెనీలో నెలకు 31 వేల జీతం. ఇక్కడ అన్నతో ఉమ్మడిగా ఉన్న జీడితోటలో వాటా ఉంది. “ఇచ్ఛాపురం దాటాడంటే ఆ డబ్బు మీద ఆశ వదులుకో” అంటున్నారు. నిజమేనా?

టెక్కలి వాసి:
వదులుకోవద్దు. ఒడిశాలో మళ్లీ దావా అక్కర్లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ సెక్షన్ కింద డిక్రీ బదిలీకి సోంపేటలోనే పిటిషన్ వేయండి. డిక్రీ నకలు, బాకీ ఇంకా వసూలు కాలేదన్న సర్టిఫికెట్ ఈ కోర్టే నేరుగా అక్కడికి పంపుతుంది. అప్పు నిజమా కాదా అని అక్కడ మళ్లీ విచారించరు. జీతం జప్తు చేయిస్తే నెలనెలా డబ్బు వస్తుంది.

విజయనగరం నుంచి:
బదిలీ సంగతి నిజమే, కానీ జీతాన్ని నమ్ముకోవద్దు. మొదటి వెయ్యి, మిగిలినదాంట్లో మూడింట రెండొంతులు ముట్టుకోకూడదు. 31 వేలకు దక్కేది నెలకు 10 వేలు. అదీ ఒక డిక్రీ కింద 24 నెలలే. 2 లక్షల 40 వేలతో ఆగిపోతుంది, ఇక వడ్డీ ఎక్కడిది? ఉద్యోగం మానేస్తే అదీ లేదు. తోట ఎక్కడికీ పోదు, దానికి సోంపేట కోర్టే చాలు.

అరెస్టు వారెంటు జోలికి మాత్రం పోకండి. మా నాన్న దాని కోసం మూడేళ్లు తిరిగాడు. స్తోమత ఉండీ ఎగ్గొడుతున్నాడని చూపించనిదే జైలుకు పంపకూడదని 1980లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట మాకు ముందే తెలిసుంటే ఆయన ఆరోగ్యమైనా మిగిలేది.

టెక్కలి వాసి:
ఉమ్మడి వాటా వేలంలో ఎవరు కొంటారండీ? కొన్నవాడు మళ్లీ పంపకాల దావా వేసుకోవాలి.

విజయనగరం నుంచి:
అందుకే అన్న దిగివస్తాడు. జప్తు ఉత్తర్వు తోటకు అంటించి ఊళ్లో దండోరా వేయిస్తే, పరాయివాడు వాటాకు రాకుండా తనే డబ్బు కడతాడు. మీ డిక్రీకి 12 ఏళ్లే గడువు, 2029 దాటితే ఈపీ చెల్లదు.

పలాస నుంచి:
సోమవారం సోంపేట వెళ్తున్నాం. ఆ వాటా ఈలోగా ఎవరి పేరునైనా మార్చేశాడేమో, ముందు ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే సర్టిఫికెట్) తీసి చూస్తాం.