బిల్లీ హాలిడేలా బీట్‌కి వెనగ్గా పాడుతూ లెక్క తప్పకుండా ఉండటం ఎలా?

అమెరికన్ జాజ్ గాయని బిల్లీ హాలిడే 1941లో రికార్డు చేసిన ‘ఆల్ ఆఫ్ మీ’ నేర్చుకుంటున్నాను. ఆవిడ మాటలు బీట్ మీద పడవు, కాస్త ఆలస్యంగా వస్తాయి. అయినా వాక్యం ముగిసేసరికి బ్యాండ్‌తో హాయిగా కలిసిపోతుంది. ఆ పాట ప్రాణమంతా అక్కడే ఉంది.

నాకు మొదటి 8 బార్లు (ఒక్కో బార్ అంటే నాలుగు బీట్లు) బాగానే వస్తాయి. ఆ తర్వాత ఆలస్యం పెరుగుతూ పోయి, 16వ బార్‌కి పియానో ట్రాక్ కన్నా దాదాపు రెండు బీట్లు వెనకబడతాను. తొందరపడి అందుకుంటే మాటలన్నీ సరిగ్గా బీట్ మీదే పడి, పాట చప్పగా అయిపోతోంది.

లయ కొట్టే మెట్రోనోమ్‌ని నిమిషానికి 60 చప్పుళ్లకి పెట్టి, ఆ చప్పుడు 2, 4 బీట్ల మీద పడేలా సాధన చేశాను. రికార్డింగ్ వేగం 75 శాతానికి తగ్గించి ఆవిడతో పాటు పాడాను. కలిసి పాడినంతసేపూ వస్తుంది, ఆవిడ గొంతు ఆపేస్తే పోతుంది. చేత్తో ఆది తాళం కూడా వేసి చూశాను. కర్ణాటక సంగీతంలో సమం (తాళం మొదలయ్యే చోటు) దాటాక ఎత్తుకునే కీర్తనలు నాకు అలవాటే, కానీ అక్కడ ఎత్తుకునే చోటు మారదు. ఇక్కడ ఒక్కో మాటకూ మారుతోంది.

జాజ్ పాడే అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి: మాటల్ని వెనక్కి లాగుతూనే పాటలోని 32 బార్ల లెక్క మనసులో నిలుపుకోవడానికి మీకు పనికొచ్చిన సాధన ఏది?