కార్పొరేషన్‌లో కలిసిన ఊరు తన ఉనికిని ఎలా నిలుపుకోగలదు?

ప్రశ్న: చెరువుకట్ట (నెల్లూరు)

మాది నెల్లూరును ఆనుకొని ఉన్న ఊరు. బుజబుజనెల్లూరు, కల్లూరుపల్లి వంటి పంచాయతీలతోపాటు మా పంచాయతీ కూడా నగరపాలక సంస్థలో కలిసిపోయి పదేళ్లు దాటింది. విలీనాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. పంచాయతీ ఆదాయంతో ఏనాటికీ పడని సిమెంటు రోడ్లు పడ్డాయి, చెత్తబండి ఇంటి ముందుకు వస్తోంది. అయితే నగరాన్ని 54 డివిజన్లుగా విభజించినప్పుడు మా ఊరు నడివీధి దగ్గర రెండుగా చీలింది. పడమటి వీధుల వారికి ఒక కార్పొరేటరు, తూర్పు వీధుల వారికి మరొకరు. అమ్మవారి తిరునాళ్లకు ఊరంతటికీ ఒకే చందా పుస్తకం ఉండేది, ఇప్పుడు రెండు తిరుగుతున్నాయి. పాత పంచాయతీ కార్యాలయం గోడకు సున్నం కొట్టారు గానీ, వానకు గోడ తడిసినప్పుడల్లా ‘గ్రామ పంచాయతీ’ అన్న నీలిరంగు అక్షరాలు సున్నం కిందినుంచి కనిపిస్తూనే ఉంటాయి. మా పెద్దవాళ్లు వాటిని చూసి బాధపడతారు, పిల్లలకు మాత్రం తమ డివిజన్ నంబరే తెలుసు.

ఒకే నగర ప్రభుత్వం కింద ఉంటూనే శివారు ప్రాంతాలు తమ ప్రత్యేకతను కాపాడుకున్న నగరాలు ఎక్కడైనా ఉన్నాయా? ఉంటే, అది జనం అభిమానం వల్ల సాధ్యపడిందా, చట్టంలోనే అందుకు చోటు పెట్టారా? తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం: ఉదయగిరి వాసి (ప్రస్తుతం అమెరికాలోని ఇండియానాపొలిస్)

మీ ప్రశ్నకు నేను ఉంటున్న నగరమే మంచి ఉదాహరణ అండీ. రిచర్డ్ లూగర్ మేయరుగా ఉన్న కాలంలో, 1969లో ఇండియానా రాష్ట్ర శాసనసభ చేసిన చట్టం ప్రకారం, 1970 జనవరి 1 నుంచి ఇండియానాపొలిస్ నగరాన్నీ దాని చుట్టూ ఉన్న మేరియన్ కౌంటీనీ (కౌంటీ అంటే మన జిల్లా వంటిది) ఒకే పాలన కిందికి తెచ్చారు. ఇక్కడ దీన్ని యూనిగవ్ అంటారు. ప్రజల ఓటు అడగకుండానే ఈ విలీనం జరిగింది. అయినా స్పీడ్‌వే, లారెన్స్, బీచ్ గ్రోవ్, సౌత్‌పోర్ట్ అనే నాలుగు ఊళ్లను పూర్తిగా కలపకుండా వదిలేశారు. వాటికి సొంత పాలకవర్గాలు ఉన్నాయి. విచిత్రమేమిటంటే, ఆ ఊళ్లవారు తమ పాలకవర్గాన్ని ఎన్నుకోవడమే కాక ఇండియానాపొలిస్ మేయరు ఎన్నికలోనూ ఓటు వేస్తారు. ప్రపంచమంతా ఇండియానాపొలిస్ పేరుతో చెప్పుకునే ఐదువందల మైళ్ల కార్ల పందెం జరిగేది నిజానికి స్పీడ్‌వే ఊళ్లోనే.

నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైనది బడుల విషయం. యూనిగవ్ చట్టం పాఠశాల జిల్లాల జోలికి పోలేదు. విలీనానికి ముందున్న 11 పాఠశాల జిల్లాలు, వాటి సొంత బోర్డులతో, సొంత పన్నుతో అలాగే కొనసాగాయి. అందువల్ల ఇక్కడ ఎవరినైనా ‘మీరెక్కడ ఉంటారు’ అని అడిగితే ‘పైక్’ అనో, ‘వారెన్’ అనో, ‘వేన్’ అనో తమ బడి జిల్లాకు ఉన్న టౌన్‌షిప్ (కౌంటీలోని చిన్న విభాగం) పేరు చెబుతారు. పేరును బతికిస్తున్నది ఆ బడీ, ఆ బోర్డు ఎన్నికా, వారాంతంలో ఆ బడి జట్టు ఆడే ఆటా.

ఇందులోని చెడును కూడా చెప్పకపోతే అన్యాయం అవుతుంది. బడులను విడిగా ఉంచడం వల్ల నల్లజాతి పిల్లలు ఎక్కువగా ఉన్న నగర జిల్లా ఒక పక్కన, తెల్లజాతివారి శివారు జిల్లాలు మరో పక్కన మిగిలిపోయాయి. ఆ వివాదం ఏళ్ల తరబడి ఫెడరల్ కోర్టులో నలిగి, చివరకు 1981 నుంచి నల్లజాతి పిల్లలను బస్సుల్లో శివారు బడులకు పంపవలసి వచ్చింది. ఊరి ప్రత్యేకత అనే మాట వెనుక ఎవరిని లోపలికి రానివ్వకూడదు అన్న ఆలోచన దాగి ఉండవచ్చు. మన ఊళ్లలోనూ ఈ ప్రశ్న వేసుకోవాలి. పంచాయతీ ఉన్న రోజుల్లో మీ ఊరి దళితవాడకు నీళ్లు, దీపాలు ఊరితో సమానంగా అందాయా?

సమాధానం: పెన్నకు ఇవతల (ఒంగోలు)

పురపాలక వ్యవహారాల్లో చాలాకాలం పనిచేసిన అనుభవంతో రాస్తున్నాను. ఒంగోలు 2012 జనవరిలో నగరపాలక సంస్థ అయింది. కొప్పోలు, పేర్నమిట్ట, త్రోవగుంట, ముక్తినూతలపాడు, పెల్లూరు వంటి ఊళ్లు అందులో కలిశాయి. తొలి కార్పొరేషన్ ఎన్నికలు జరిగింది మాత్రం 2021 మార్చిలో. మధ్యలో గడిచిన తొమ్మిదేళ్లూ ఆ ఊళ్లకు సర్పంచి లేడు, కార్పొరేటరూ లేడు. వీధిదీపం వెలగకపోతే అధికారికి అర్జీ రాసుకోవడమే దిక్కు. ఊరి పేరు బోర్డుల మీద ఉన్నా, ఊరి తరఫున మాట్లాడే మనిషి లేని ఆ కాలాన్ని దగ్గరనుంచి చూసినవాణ్ణి కనుక, పేరు కన్నా మాట చెల్లుబాటు కావడమే ముఖ్యమని నమ్ముతాను.

నిజానికి పేరు అంత తేలికగా పోదండీ. పంచాయతీ రద్దయినా రెవెన్యూ గ్రామం రద్దు కాదు. అడంగల్‌లోనూ, రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లోనూ, సర్వే నంబర్ల పక్కన మీ ఊరి పేరే ఉంటుంది. రైల్వేవారు వేదాయపాళెం స్టేషన్‌ను నేటికీ ఆ పేరుతోనే పిలుస్తున్నారు. పోయేది గ్రామసభ. ఊరి ఖర్చు ఎంతో, పని ఎక్కడ జరగాలో నలుగురూ కూర్చొని అడిగే హక్కు విలీనం నాడే పోయింది. దానితోపాటు ఉపాధి హామీ పనులు కూడా పోయాయి, ఎందుకంటే ఆ పథకం గ్రామీణ ప్రాంతాలకే పరిమితం. కూలి మీద బతికే ఆడవారికి, సిమెంటు రోడ్డు వచ్చిన సంతోషం కంటే ఈ నష్టమే పెద్దది.

సమాధానం: కందుకూరు విద్యార్థి

పాలనాశాస్త్రం చదువుతున్నాను. పై ఇద్దరూ చెప్పినదానికి పన్నుల సంగతి జోడించాలనిపించింది. అమెరికాలోనే నాష్‌విల్ నగరం, డేవిడ్‌సన్ కౌంటీ కలిసిపోవాలన్న ప్రతిపాదనను 1958లో ఓటర్లు తిరస్కరించారు, 1962లో ఒప్పుకున్నారు. 1963 ఏప్రిల్‌లో ఉమ్మడి ప్రభుత్వం ఏర్పడింది. అక్కడ ఉమ్మడి ప్రాంతాన్ని రెండు సేవా మండలాలుగా చేశారు. కౌంటీ అంతటికీ అందే సేవలకు అందరూ ఒక పన్ను కడతారు. పట్టణ స్థాయి సేవలు అందుకునేవారు మాత్రం దానిపైన అదనపు పన్ను కడతారు. ఆ సేవలు చేరని పల్లెప్రాంతానికి అదనపు భారం ఉండదు. బెల్ మీడ్, బెర్రీ హిల్, ఓక్ హిల్ వంటి చిన్న నగరాలు ఉమ్మడి ప్రభుత్వం లోపలే తమ పాలకవర్గాలను నిలుపుకున్నాయి.

మన దగ్గర భూగర్భ మురుగు కాలువ చేరని ఊరు కూడా కార్పొరేషన్ పన్నుల చట్రంలోకే వస్తుంది. హైదరాబాదులో 2007లో 12 పురపాలక సంఘాలను కలిపి గ్రేటర్ హైదరాబాదు కార్పొరేషన్ చేసినప్పుడు కూకట్‌పల్లి, అల్వాల్, మల్కాజిగిరి పేర్లను సర్కిళ్లకు (కార్పొరేషన్‌లోని పాలనా విభాగాలకు) ఉంచారు గానీ, ఆ పురపాలక సంఘాల పాలకమండళ్లు మాత్రం మిగల్లేదు. 1861లోనే పురపాలక సంఘమైన భీమునిపట్నం ఇప్పుడు విశాఖ కార్పొరేషన్‌లో భాగం. అంత పాత సంస్థకే ప్రత్యేక ఏర్పాటు దొరకనప్పుడు నెల్లూరు శివారు ఊళ్లు గట్టిగా అడగకపోతే దొరకదని నా అభిప్రాయం.

చెరువుకట్ట (నెల్లూరు)

అందరికీ కృతజ్ఞతలు. ఉదయగిరి వారు అడిగిన ప్రశ్నకు నిజాయితీగా సమాధానం చెప్పాలి. మా దళితవాడకు కుళాయి వచ్చింది విలీనం తర్వాతే. కాబట్టి పాత పంచాయతీని తిరిగి తెమ్మని అడగడం న్యాయం కాదు. ఒంగోలు పెద్దలు చెప్పినట్లు గ్రామసభ వంటిది నగరంలో ఉండేందుకు చట్టంలో దారి ఉందా?

పెన్నకు ఇవతల (ఒంగోలు)

ఉంది. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 243ఎస్ అధికరణ ప్రకారం మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పురపాలక సంస్థల్లో వార్డు కమిటీలు ఏర్పాటు చేయాలి (చట్టంలో వార్డు అన్నదే మీ డివిజన్). నెల్లూరు జనాభా ఆ సంఖ్యను ఎప్పుడో దాటింది. వార్డు కిందిస్థాయిలో ఏరియా సభలకు కూడా మన రాష్ట్ర చట్టంలో చోటు ఉంది. మీ ఊరి కమిటీ తరఫున, అన్ని వాడలవారి సంతకాలతో, వార్డు కమిటీని వేసి క్రమంగా సమావేశపరచాలని కమిషనరుకు అర్జీ ఇవ్వండి. పాత పంచాయతీ పరిధినంతా ఒకే ఏరియా సభగా గుర్తించమని అందులోనే కోరవచ్చు.

అంతకన్నా ముఖ్యమైనది డివిజన్ల పునర్విభజన. హద్దుల ముసాయిదా ప్రకటించినప్పుడు అభ్యంతరాలకు గడువు ఇస్తారు. ఆ గడువు చాలా చిన్నది, నోటీసు చూసేలోపే అయిపోతుంది. రెవెన్యూ గ్రామ పటం, రెండు డివిజన్లలోనూ ఉన్న మీ ఊరి వీధుల పేర్లు, ఓటర్ల జాబితాలోని భాగాల నంబర్లు ఇప్పుడే సిద్ధం చేసి పెట్టుకోండి. నడివీధిని హద్దుగా తీసుకోకుండా చెరువు అలుగునో, పెద్ద రోడ్డునో హద్దుగా తీసుకోమని రాతపూర్వకంగా అడిగి, అర్జీ అందినట్లు తేదీతో రసీదు తీసుకోండి. తూర్పు వీధుల కార్పొరేటరునూ, పడమటి వీధుల కార్పొరేటరునూ ఒకే అర్జీ మీద సంతకం పెట్టమని ముందుగా అడగండి.