ఏడో తరగతి పిల్లాడిని టాకిల్ ఫుట్‌బాల్‌లో చేర్చాలా? సంతకం దగ్గర ఆగిపోయాను

ఫ్రిస్కో నాన్న:
డల్లస్ పక్కన ఉంటున్నాం. మావాడు ఆగస్టులో ఏడో తరగతికి వెళ్తాడు. టెక్సస్‌లో స్కూలు టీమ్ టాకిల్ ఫుట్‌బాల్ (ఎదుటివాడిని పట్టి కింద పడేసే అమెరికన్ ఫుట్‌బాల్) మొదలయ్యేది ఏడు నుంచే. వాడి దోస్తులంతా చేరుతున్నారు. మా ఆవిడ ససేమిరా అంటోంది. నాకేమో శుక్రవారం రాత్రి లైట్ల కింద పిల్లలు ఆడుతుంటే ఊరంతా కదిలి రావడం చూస్తే ముచ్చటేస్తుంది. పక్కనున్న ఆలెన్‌లో హైస్కూలు పిల్లల కోసం 6 కోట్ల డాలర్లతో 18 వేల మంది పట్టే స్టేడియం కట్టారు మరి (రెండేళ్లు తిరక్కుండానే బీటలు వారి మూసి మళ్లీ బాగుచేశారు, అది వేరే కథ). స్కూలు పంపిన కాగితాల్లో కంకషన్ (తలకి దెబ్బ తగిలి మెదడు అదరడం) గురించి చదివాం, అర్థమైంది అని తల్లిదండ్రులు, పిల్లాడు కలిసి సంతకం పెట్టాల్సినది ఒకటుంది. పెన్ను అక్కడే ఆగింది. పిల్లల్ని పంపినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

బెజవాడ బుల్లోడు:
అన్నా, చేర్పించు. చిన్నప్పుడు కబడ్డీలో మనం పడ్డ దెబ్బలు ఏ కాగితంలో రాశారు? కాసేపట్లో ఎవరో ఒకరు వచ్చి 2017 నాటి బోస్టన్ పరిశోధకుల లెక్క చెప్తారు చూడు: చనిపోయిన 111 మంది ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) ఆటగాళ్ల మెదళ్లు పరీక్షిస్తే 110 మందిలో సీటీఈ (తలకి పదేపదే దెబ్బలు తగిలి మెదడు క్షీణించే జబ్బు) ఉందని. ఆ మెదళ్లు ఎక్కడివి? మతిమరుపు, కోపం, దిగులు చూసి భయపడ్డ కుటుంబాలు ఇచ్చినవే ఎక్కువ. కడుపునొప్పని ఆసుపత్రికి వచ్చినవాళ్లని లెక్కపెట్టి ఊళ్లో అందరికీ కడుపునొప్పే అంటే ఎలా? ఇంకో పక్క విస్కాన్సిన్‌లో 1957లో హైస్కూలు పూర్తిచేసిన మగవాళ్లని ముసలితనం దాకా గమనించారు. 65 ఏళ్ల వయసులో చూస్తే ఫుట్‌బాల్ ఆడినవాళ్లకీ ఆడనివాళ్లకీ బుద్ధిలో గానీ దిగులులో గానీ తేడా కనిపించలేదు. ఆ కబురు మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

రాత్రి డ్యూటీ:
నేను ఎమర్జెన్సీలో నర్సుని. బుల్లోడు గారూ, 110 లెక్క మీద మీ అభ్యంతరం సరైనదే. ఆ పరిశోధకులే వ్యాసంలో ఒప్పుకున్నారు. కానీ అదే వ్యాసంలో కింది వరసలు కూడా చూడండి. హైస్కూలుతో ఆపేసినవాళ్లు 14 మందిలో ముగ్గురికి, కాలేజీ దాకా ఆడినవాళ్లు 53 మందిలో 48 మందికి. అవీ కుటుంబాలు ఇచ్చిన మెదళ్లే, అయినా మెట్టుమెట్టుకీ పెరుగుతోంది. 2019లో అదే బృందం, ఆడిన ఒక్కో ఏడాదికీ ముప్పు దాదాపు 30 శాతం పెరుగుతోందని లెక్కగట్టింది.

ఇంకో మాట. అందరూ "ఎన్ని కంకషన్లు" అని అడుగుతారు. ప్రశ్నే తప్పు. సీటీఈకి ఎక్కువగా ముడిపడింది స్పృహ తప్పే పెద్ద దెబ్బ కాదు, ఏమీ తెలియకుండా రోజూ తగిలే చిన్న దెబ్బలు. హెల్మెట్ పుర్రె పగలకుండా ఆపుతుంది. పెరుగు ముంతకి ఎంత మందం గుడ్డ చుట్టినా ఊపితే లోపల పెరుగు కదలకుండా ఉంటుందా? ఆ కదలికలో నరాల తీగలు సాగుతాయి, టావ్ అనే ప్రోటీన్ మడతల లోతుల్లో పేరుకుంటుంది. దాన్ని ఖాయంగా చెప్పగలిగేది చనిపోయాకే. బతికుండగా చెప్పే పరీక్ష ఆసుపత్రుల్లో ఇంకా లేదు.

6 నుంచి 14 ఏళ్ల పిల్లలకి సెన్సార్లు పెట్టి అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చూసింది. టాకిల్ ఆడే పిల్లాడికి ఒక సీజన్‌లో తలకి తగిలే దెబ్బలు సుమారు 378. ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడేవాడికి 8.

బెజవాడ బుల్లోడు:
ఫ్లాగ్ అంటే నడుముకి రిబ్బన్లు కట్టుకుని లాక్కోవడమేగా. 12 ఏళ్ల వాడికి అది చెప్పి చూడండి, ఏమంటాడో.

సరే, ఇప్పుడు చట్టాలున్నాయి కదా? వాషింగ్టన్ రాష్ట్రంలో 2006లో 13 ఏళ్ల పిల్లాడు తలకి దెబ్బ తగిలాక మళ్లీ మైదానంలోకి దిగి చావు దాకా వెళ్లొచ్చాడు. ఆ కుటుంబం పోరాడితే 2009లో చట్టం వచ్చింది. 2014కల్లా అన్ని రాష్ట్రాల్లోనూ అలాంటివి వచ్చేశాయి. అనుమానం వస్తే బయటికి, డాక్టర్ చెప్తేనే లోపలికి. సీటీఈ మొదట బయటపడ్డ ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ రోజులు కావివి.

రాత్రి డ్యూటీ:
చట్టం పనిచెయ్యాలంటే దెబ్బ ఎవరో ఒకరి కంట పడాలి. 2022 సెప్టెంబర్ 25న ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మయామీ జట్టుకి బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ తువా టాగోవైలోవా తల నేలకి కొట్టుకుని, లేచి తూలిపోయాడు. వీపు నొప్పన్నారు, మళ్లీ ఆడించారు. నాలుగు రోజులకి సిన్సినాటీలో ఇంకో దెబ్బ తగిలి, వేళ్లు కొయ్యబారి స్ట్రెచర్ మీద వెళ్లాడు. అన్ని కెమెరాలు, విడిగా నియమించిన న్యూరాలజీ డాక్టర్లు, కోట్ల మంది ప్రేక్షకులు ఉండగా జరిగిందిది. ఏడో తరగతి బి టీమ్ ఆటని ఎవరు చూస్తుంటారండీ, పాప్‌కార్న్ పట్టుకున్న మనం తప్ప?

రిబ్బన్ల ఆట 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఉంది, ఆ సంగతి వాడికి చెప్పండి.

సికింద్రాబాద్ స్ట్రైకర్:
ఇగ సాకర్‌ల (మన దిక్కు ఫుట్‌బాల్ అనేది గదే) పడేయ్ అని ఎవరో ఒకరు అంటరు, గందుకే ముందే చెప్తున్న. స్కాట్లాండ్‌ల ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ల చావులు లెక్కతీసిన్రు, 2019ల వచ్చింది. మెదడు క్షీణించే రోగాలతోని పోయినోళ్లు మామూలు జనం కంటే మూడున్నర రెట్లు ఎక్కువ. తర్వాత చూస్తే, బంతిని తలతోని కొట్టని గోల్‌కీపర్లల ఆ పెరుగుదల లేదు. అమెరికాల పదేండ్లలోపు పిల్లలకు హెడ్డింగే బంద్ పెట్టిన్రు.

మనం ఏం తక్కువ తిన్నమా. మన రహీం సాబ్ కోచింగ్‌ల 1962 ఆసియా క్రీడల ఇండియాకు సాకర్ బంగారం వచ్చింది కదా. జర్నైల్ సింగ్‌కు తలకు కుట్లు పడ్డయి. ఫైనల్‌ల డిఫెండర్‌ను తీస్కపోయి ఫార్వర్డ్‌గ పెడితే గోల్ కొట్టిండు. చిన్నప్పుడు మా కోచ్ ఆ కథ చెప్తుంటే రోమాలు నిలబడుతుండె. నేను సుత మా అకాడమీ పిలగాండ్లకు పదేండ్లు అదే చెప్పిన. ఒకనాడు ఒక పిలగాడు కండ్లు తిరుగుతున్నయని నాకు చెప్పకుంటనే ఆడిండు. ఎందుకు చెప్పలే అంటే "జర్నైల్ సింగ్ చెప్పిండా సార్" అన్నడు. అప్పటిసంది ఆ కథ చెప్పుడు బంద్ జేసిన.

నంబర్ 62:
అంకుల్, నేను హైస్కూల్‌లో నాలుగేళ్లు అఫెన్సివ్ లైన్‌లో (బంతి ఉన్నవాడిని కాచే ముందు వరసలో) ఆడాను. ఇప్పుడు కాలేజీ. నా తెలుగు అమ్మమ్మ సరిచేసింది, తప్పులుంటే ఆవిడవే. నాకు ఒక్క కంకషన్ కూడా రాలేదు, అంటే కాగితం మీద. లైన్‌లో ఉన్నవాళ్లకి ఇంచుమించు ప్రతి ప్లేలోనూ ఎదుటివాడితో ఢీ ఉంటుంది. ఒక్కోసారి కళ్ల ముందు మెరుపులు వచ్చేవి. చెప్పేవాణ్ని కాదు. చెప్తే కూర్చోబెడతారు, నా చోటు కోసం ఇంకొకడు వెనకే రెడీగా ఉన్నాడు.

కానీ ఆ నాలుగేళ్లలో నన్నెవరూ "ఆ ఇండియన్ కుర్రాడు" అనలేదు. అరవై రెండు అనేవాళ్లు. మళ్లీ మొదటికొచ్చి అడిగితే మళ్లీ ఆడతాను. మా తమ్ముడు అడిగితే మాత్రం తొమ్మిదో తరగతి దాకా ఆగమంటాను. ఈ రెండింటికీ పొత్తు కుదరదని నాకూ తెలుసు.

రాత్రి డ్యూటీ:
బాబూ, మైక్ వెబ్‌స్టర్ కూడా లైన్‌లోనే ఆడాడు, మధ్యలో ఉండే సెంటర్‌గా. 2002లో 50 ఏళ్లకే పోయాడు. తలకి పైకి కనిపించే గాయమేమీ లేదు. మామూలుగానే ఉన్నట్టు కనిపించిన మెదడుని డాక్టర్ బెన్నెట్ ఒమాలు సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాకే ఇదంతా బయటపడింది. నిన్ను భయపెట్టాలని కాదు. మెరుపులు వచ్చిన సంగతి మీ డాక్టర్‌కి ఒకసారి చెప్పు, నీ ఫైల్లో ఉంటుంది.

బెజవాడ బుల్లోడు:
మెరుపుల సంగతి నాకు తెలీదు. చేర్పించు అన్న మాట వెనక్కి తీసుకోను గానీ, ఏడులోనే అని పట్టుబట్టను.

ఫ్రిస్కో నాన్న:
కోచ్‌ని కలిశాను. మంచివాడు, ఏమీ దాచలేదు. హైస్కూలు మ్యాచ్‌లకి అథ్లెటిక్ ట్రైనర్ (ఆటగాళ్ల గాయాలు చూసుకునే మనిషి) ఉంటారట. ఏడో తరగతి మ్యాచ్‌లకి ఒక్కోసారి ఒకే మనిషి రెండు మైదానాలు చూసుకుంటారట. అది విన్నాక మా ఆవిడతో వాదించే ఓపిక పోయింది. ఈ రెండేళ్లు ఫ్లాగ్, తొమ్మిదిలో మళ్లీ కూర్చుని మాట్లాడుకుందాం అని వాడికి చెప్పాం. నంబర్ 62 రాసింది మొత్తం చదివి వినిపించాను. అంతా బుద్ధిగా విని, "అంటే ఆ అన్న మళ్లీ ఆడతానన్నాడు కదా?" అన్నాడు.