హోవర్‌బోర్డు మోటార్లతో వీల్‌చైర్: ర్యాంపు ఎక్కనంటోంది

ప్రశ్న: వీల్‌చైర్‌కి పాత హోవర్‌బోర్డు హబ్ మోటార్లు (చక్రం లోపలే ఉండేవి) రెండు, 36 వోల్టుల బ్యాటరీ ప్యాక్ పెట్టాను. నేల మీద సాఫీగానే నడుస్తోంది. ర్యాంపు దగ్గర ఆపి కదిలిస్తే గరగరమని వణికి ఆగిపోతోంది. ఎందుకంటారు?

జవాబు 1: వణుకుతోందంటే ముందు హాల్ సెన్సర్లనే (చక్రం ఏ స్థితిలో ఉందో కంట్రోలర్‌కి చెప్పేవి) అనుమానించండి. కంట్రోలర్ (మోటార్లను నడిపే సర్క్యూట్ బోర్డు) ఆన్‌లో పెట్టి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ ఆ సెన్సర్ల మూడు సిగ్నల్ వైర్లనూ మల్టీమీటర్‌తో చూడండి. ప్రతిదీ 0కి పడి మళ్లీ 3 వోల్టులు దాటాలి. మారనిది ఉంటే ఇరుసులోంచి బయటికొచ్చే చోట వైరు నలిగిందేమో చూడండి.

ప్రశ్న అడిగినవారు: ఎడమ మోటారు నీలం వైరులో వోల్టేజీ మారడం లేదండీ.

జవాబు 2: అదే కారణం. వైరు మార్చేటప్పుడే ఇరుసు చదును భాగాన్ని ఉక్కు క్లాంపుతో బిగించండి. వదులైతే ఇరుసే తిరిగి వైర్లు తెంపేస్తుంది. ఇంకోటి, గేర్లు లేని మోటార్లు కదా, కరెంటు పోతే వాలులో దొర్లిపోతాయి. చేతి బ్రేకు లేకుండా దయచేసి మనిషిని కూర్చోబెట్టకండి.