అప్‌డేట్: బెన్ నెవిస్ ఎక్కేశాం, వెళ్లింది మామూలు దారిలోనే

స్కాట్లండ్‌లోని బెన్ నెవిస్ కొండకి అందరూ వెళ్లే మౌంటెన్ ట్రాక్‌లో వెళ్లాలా, కత్తి అంచులా సన్నగా ఉండే కార్న్ మోర్ డెర్గ్ గట్టు మీదుగానా అని ఇంతకుముందు మిమ్మల్ని ఇక్కడ అడిగాను కదా, పొద్దున మబ్బు చూశాక ఆ కత్తి అంచు మీదికి వెళ్లే ధైర్యం చాల్లేదు, గ్లెన్ నెవిస్ నుంచి మామూలు దారే పట్టాం. రెడ్ బర్న్ వాగు దాటాక వచ్చే వంకర్లలో మోకాళ్లు మొరాయించాయి.

అసలు టెన్షన్ పైన. 1345 మీటర్ల ఎత్తులో అంత చదునైన నేల, చుట్టూ తెల్లటి మంచు పొగ, దారి గుర్తుగా పేర్చిన ఒక రాళ్లకుప్ప దగ్గర నిలబడితే రెండోది కనపడదు, ఉత్తరాన నిలువు కొండ అంచేమో దారికి అంత దగ్గర! మీరు చెప్పినట్టే దిగేటప్పుడు ఆ అంచు వైపు పోకుండా, ట్రిగ్ పాయింట్ (శిఖరం మీదున్న సర్వే స్తంభం) దగ్గర దిక్సూచి తీసి, 231 డిగ్రీల గ్రిడ్ బేరింగ్‌లో (మ్యాప్ గీతల ఉత్తరం నుంచి కొలిచే దిక్కు) 150 మీటర్లు అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, తర్వాత 282 డిగ్రీలకి తిరిగాం. ఫోన్ చలికి అప్పటికే ఆఫైపోయింది లెండి. ఆ గట్టు ఇంకోసారి, ఎండ ఉన్నప్పుడు.