మరణదండనపై శ్రీసభ (కతోలిక సంఘం) బోధ మారిందా, ఎదిగిందా?

విచారణ ఉపదేశి:
గత ఆదివారం మా విచారణ (చర్చి పరిధి) మతబోధ తరగతిలో ఒక కుర్రవాడు కతోలిక సత్యోపదేశ గ్రంథం పాత ప్రతిని, తన ఫోనులోని కొత్త పాఠాన్ని పక్కపక్కన పెట్టి 2267వ పేరా చూపించాడు. అన్యాయంగా దాడిచేసేవాడి నుంచి ప్రాణాలు కాపాడటానికి మరో మార్గమే లేనప్పుడు మరణదండనను సంప్రదాయ బోధ తోసిపుచ్చదని 1997 నాటి పాఠం చెబుతోంది. అది మనిషి గౌరవం మీద దాడి కనుక అంగీకారయోగ్యం కాదని 2018లో ఫ్రాన్సిస్ పాపుగారు (పోపు) మార్పించిన పాఠం చెబుతోంది. "వీటిలో ఏది తప్పు, సార్?" అన్నాడు. బోధ మారలేదు, ఎదిగిందని చెప్పి తరగతి ముగించాను గాని, ఆ జవాబు నాకే చాలలేదు.

పాత పాఠకుడు:
చాలకపోవడం సహజమే, ఉపదేశి గారూ. పాలకుడు ఖడ్గాన్ని ఊరకే ధరించడని పౌలు రోమీయులకు రాసిన లేఖ 13వ అధ్యాయంలో ఉంది. కుళ్లిన అవయవాన్ని కోసి శరీరాన్ని కాపాడినట్టే, సమాజానికి ప్రమాదకరమైన దోషిని చంపవచ్చని మధ్యయుగపు వేదాంత పండితుడు పునీత (సెయింట్) తోమాసు అక్వినాసు వాదించారు. శతాబ్దాల పాటు శ్రీసభ పండితులు ఒప్పుకున్నదాన్ని ఈరోజు కాదంటే, రేపు మరొకదాన్ని కాదనరని నమ్మకమేమిటి?

గుంటూరు న్యాయవాది:
ఒప్పుకున్నమాట నిజమే, పైగా ఆచరించారు కూడా. ఇటలీలో పోపులు పాలించిన రాజ్యంలో బుగత్తి అనే తలారి 1796 నుంచి 1864 వరకు 516 మందికి శిక్ష అమలు చేసి, ఒక్కొక్కరి లెక్కా పుస్తకంలో రాసిపెట్టుకున్నాడు. వాటికన్ చట్టంలో మరణదండన 1969 వరకు ఉంది. ఈ చరిత్రను దాచి 'ఎదుగుదల' అంటే ఎవరూ నమ్మరు.

అయితే అసలు మెలిక వేరేచోట ఉంది. రెండవ జాన్ పాల్ పాపుగారు 1995 నాటి విశ్వలేఖలో (శ్రీసభ అంతటికీ పాపు రాసే బోధలేఖ) మరణదండన తప్పనిసరయ్యే సందర్భాలు దాదాపు లేనట్టేనన్నారు. కారణం, శిక్షావ్యవస్థ మెరుగుపడటం. అంటే ఆ వాదన జైలు గోడల బలం మీద నిలిచింది. గోడలు బలహీనంగా ఉన్నచోట అది కూలిపోతుంది. 2018 పాఠం జైళ్ల సంగతి ప్రస్తావించినా, ఘోరమైన నేరం చేసినవాడి గౌరవం కూడా పోదన్న మాటనే పునాది చేసుకుంది. ఇది పాత వాదనకు కొనసాగింపు అనడం నాకు కష్టంగానే ఉంది. కాని ఆ పాఠం మరణదండనను 'స్వభావరీత్యా దుష్టకార్యం' (ఏ పరిస్థితిలోనైనా పాపమే) అనలేదు, 'అంగీకారయోగ్యం కాదు' అని ఆగింది. ఆ ఆగడం వల్లనే పాత పాపులనూ, పండితులనూ పాపులుగా నిలబెట్టకుండా ఈనాటి నిషేధం సాధ్యమైంది. (పోపులనే అర్థంలో పాపులు, పాపం చేసినవారనే అర్థంలో పాపులు తెలుగులో ఒకేలా పలకడం ఈ చర్చకు ఎదురైన చిన్న ఇబ్బంది.)

పాత పాఠకుడు:
అలా మాటల మధ్య సందు చూసుకోవడం న్యాయవాది లక్షణం. విశ్వాసికి తెలియవలసింది ఒక్కటే: అది పాపమా, కాదా?

కన్యస్త్రీ ఒకరు:
ఇందోర్ దగ్గర 1995లో మా ఫ్రాన్సిస్కన్ క్లారిస్టు సభకు చెందిన సిస్టర్ రాణి మరియను బస్సులో ప్రయాణిస్తుండగా కత్తితో పొడిచి చంపారు. హంతకుడికి యావజ్జీవ శిక్ష పడింది. ఆమె సొంత చెల్లెలు, తానూ అదే సభలో సన్యాసిని, 2002లో జైలుకు వెళ్లి అతడి చేతికి రాఖీ కట్టింది. కుటుంబం క్షమించడంతో 2006లో అతడు విడుదలై, కేరళలోని ఆమె ఇంటికి వెళ్లి తల్లిదండ్రుల ముందు తలవంచాడు. ఉరి తీసి ఉంటే ఆ చేయి రాఖీకి ఎక్కడిది?

పాత పాఠకుడు:
సిస్టర్ గారూ, ఆ రాఖీ ముందు నేనూ తలవంచుతాను. కాని క్షమించే హక్కు గాయపడినవారిది. శిక్షించే బాధ్యత రాజ్యానిది. ఆ రెండవది మాఫీ అయ్యిందని పౌలు చెప్పలేదు.

గుంటూరు న్యాయవాది:
శిక్ష మాఫీ కాలేదు, అతడు పదేళ్లకు పైగా జైలులో ఉన్నాడు. 'ఖడ్గం' అన్నంత మాత్రాన ప్రతి శిక్షా తల నరకడం కానక్కరలేదు కదా.

విచారణ ఉపదేశి:
ఆదివారం ఆ కుర్రవాడికి రెండు పాఠాలూ మళ్లీ చదివి వినిపిస్తాను. పునాది మారిందని మొదట ఒప్పుకుంటాను. 'అంగీకారయోగ్యం కాదు' అనే చోట ఎందుకు ఆగారో వాడినే చెప్పమంటాను.